ఉసిలి రాల్చిన రెక్కలు

అలమరాలో పద్యాలు తిని పండితుడైన పుస్తకాల పురుగొకటి ఉండేది. "చదివింది తక్కువ, అరిగింది ఎక్కువ" అని తనమీద తనే నవ్వుకునేది.

తొలివాన వెలిసిన సాయంత్రం ఓ ఉసిలి పుస్తకమ్మీద వాలి, రెక్కలు రాల్చేసింది. పురుగు గబగబా దగ్గరికి పాకింది.

"అయ్యో చెల్లీ! దీపంలో పడి మాడిపోయే నిన్ను కవులంతా చావుకు గుర్తని రాశారు. ఆగు, నాలుగు పద్యాలు చదివి సాగనంపుతాను."

"ఆగితే నేల ఆరిపోతుంది అన్నయ్యా! తడి ఉండగానే గొయ్యి తవ్వాలి. కింద మా ఆయన ఎదురుచూస్తున్నాడు."

"గోతిలోకి ఇద్దరూనా!" పురుగుకి ఏడుపొచ్చింది.

"కాపురానికయ్యా! రెక్కలు రాలితేనే మాకు సంసారం. మీ కవులు దీపం దగ్గరే ఆగిపోయినట్టున్నారు."

పురుగు సిగ్గుపడి, తడిమట్టికి దారితీసే గోడబీట చూపించింది.

"మా పిల్లలు చెదలై ఈ అలమరాకే వస్తారు. కాస్త మిగుల్చు మరి!" అంటూ ఉసిలి దిగిపోయింది.

ఆనాటినుంచి పురుగు చావు పద్యాలే తింటూ, పెళ్లి పద్యాలు మేనల్లుళ్లకి దాచిపెట్టింది.