మేడ మెట్లు

అన్యాయం ఎవరికి జరిగింది? మేడమీది అమ్మాయికి. ఎలా జరిగింది? భర్త చేతి బెల్టుతో, అతడు వర్క్‌షాపు నుంచి మధ్యాహ్న భోజనానికి వచ్చినప్పుడల్లా.

కూరలో ఉప్పు తగ్గితే చెంప. అన్నం చల్లబడితే వీపు. ఏ లోపమూ దొరకని రోజున, దొరకలేదన్న కోపంతో జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు.

ఆ దెబ్బలన్నీ కింది గదిలోని పెద్దావిడకు వినిపించేవి. వినడాన్ని మించి ఆమె చేయగలిగింది లేదు. ఆమెది భారీకాయం. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి తప్ప ఆ ఒళ్ళు కదిలి ఏళ్ళయింది.

ఒకసారి ఆమే ఫోను చేసి పోలీసును రప్పించింది. పన్ను విరిగిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "జారిపడ్డానండీ" అంది అమ్మాయి.

పోలీసు పెద్దావిడ వైపు తిరిగాడు. "మీరు చూశారా?"

"విన్నాను బాబూ."

"వింటే చాలదమ్మా. కళ్ళతో చూసినవాళ్ళు కావాలి."

మర్నాడే ఆమె ఒక నర్సును పిలిపించుకుంది.

"మెట్లెక్కాలి. నేర్పు."

"అప్పుడే మెట్లేంటండీ! ముందు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి, చూద్దాం."

లేవలేకపోయింది. నర్సు నవ్వలేదు. కూర్చునే ఉండి మడమలు ఎత్తి దించమంది. అది అలవాటయ్యాక, వంటగట్టు పట్టుకుని ఉన్నచోటే అడుగులు వేయమంది.

"చేస్తూ మాట్లాడగలగాలి. మాట రాలేదా, ఆగిపోండి. పాట వస్తోందా, బద్ధకిస్తున్నట్టు."

"పైన ఆ మద్దెల మోగుతుంటే నాకు పాటెలా వస్తుందమ్మా?"

ఆమె మడమ ఎత్తేది. పైన బెల్టు చెళ్ళుమనేది. మడమ దించేది, కంచం వెళ్ళి గోడకు తగిలేది.

భోంచేసి దిగుతూ అతడొకనాడు ఆ అడుగులు చూశాడు. "ఏం బస్తా, డాన్సు కచేరీ ఎప్పుడు? నువ్వు మేడెక్కావంటే మేడే కిందికొస్తుంది!" పై గది తలుపుకు గడియ పెట్టే అలవాటు కూడా అతనికి లేదు. పైకి రావడం ఆవిడ వల్ల కాదన్న ధీమా అది.

అమ్మాయి మాత్రం పసిగట్టింది. "పైకి రావద్దమ్మా. చంపేస్తాడు."

"నన్ను చంపాలంటే వాడికి రోజంతా పడుతుంది. నువ్వయితే ఒక్క గుద్దుకే పోతావు."

కొన్ని నెలలకు ఆమె చేతులు ఆనించకుండా లేచింది. ఒక మెట్టెక్కి దిగింది. తరువాత సగం దాకా ఎక్కి, మోకాళ్ళు వణికి, కూర్చుని జరుగుతూ దిగింది.

ఆ మధ్యాహ్నం నర్సు ఇంట్లో ఉండగానే, పైన కేక ఒకటి మధ్యలో తెగిపోయింది.

"పోలీసులకు ఫోన్ చెయ్యి" అంటూ పెద్దావిడ మెట్ల కమ్మీ పట్టుకుంది.

"ఆయాసం వస్తే ఆగాలండీ!"

"ఇవాళ ఆగను."

పై తలుపు తోసింది. అతడు అమ్మాయి గుండెల మీద మోకాలు వేసి, బెల్టు మెడకు బిగిస్తున్నాడు. నేల మీద రక్తం. అమ్మాయి కళ్ళు తేలేసింది.

పెద్దావిడ అదంతా కళ్ళారా చూసింది. చూశాక, పొయ్యి మీది పెనం అందుకుని అతని ముఖాన కొట్టింది. ముక్కు చిట్లింది. వెల్లకిలా పడినవాడి ఛాతీ మీద తన బరువంతా వేసి కూర్చుంది. లోపల పక్కటెముక పుటుక్కుమంది. పక్కన అమ్మాయి దగ్గింది, ఊపిరి తీసుకుంది.

పోలీసులు వచ్చేదాకా ఆమె లేవలేదు.

"ఈసారి కళ్ళతో చూశాను. రాసుకోండి. కోర్టులోనూ చెప్తాను."

"వీడు మీకేమవుతాడమ్మా?" అని అడిగాడు అధికారి.

"నా కడుపున పుట్టాడు" అని చెప్పి ఆమె, 'నీ బిడ్డ ఇక నా బిడ్డే' అంటూ పెళ్ళినాడు ఆ అమ్మాయి కన్నతల్లికి మాటిచ్చి పడిన బాకీని పూర్తిగా తీర్చేసింది.