ఆమ్నా గీసిన ఎర్ర నత్త

“ఆమ్నా నీకు మనవరాలెట్లయింది ఓదెలన్నా?”

సేఫ్టీ ఆఫీసర్ సునీల్‌కుమార్ ఫారం చూస్తూ అడిగాడు. పటాన్‌చెరులోని ఆ ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాల బొమ్మల పోటీ పర్మనెంటు కార్మికుల ఇంటి పిల్లలకే. ఓదెలు పనిచేసే షాపులోనే ఆమ్నా తండ్రి ఇజాజ్‌ది కాంట్రాక్టు పని. అందుకే ఫారం మీద పర్మనెంటు కార్మికుడైన ఓదెలు, తాత అని తన పేరు రాసి తెచ్చాడు. ఈ నెలాఖరుకు రిటైరైతే ఆ పేరూ పనికిరాదు మరి!

“అయింది సార్. ఎట్ల అయితరో గట్లనే అయింది,” అన్నాడు మొండిగా.

సునీల్‌కుమార్ నవ్వలేదు. బొమ్మ ముందుకు లాక్కున్నాడు. ఎర్రటి నత్త, నెత్తిన హెల్మెట్, మెడకు పచ్చ తువ్వాల.

“భద్రత నేర్పే సూపర్‌హీరోను గీయమంటే నత్తనా?”

“వానలు ఇడువకుండ కొట్టే అడవిల ఉంటదంట సార్ గిది. పుస్తకంల సూసి గీసింది పోరి. నెత్తి మీది హెల్మెట్ ఎన్నడు తియ్యదు. ఉరకదు. బ్లేడు అంచు మీదికెల్లి పోయినా ఒళ్లు తెగదు. రేకులు నొక్కే మా ప్రెస్ షాపుల గసొంటోడు ఒక్కడుంటే గిందరి వేళ్లు పోతుండెనా?”

చెబుతుంటే ఓదెలుకు చిన్ననాటి ఊరు జిన్నారం గుర్తొచ్చింది. తొలివానకు పొలం గట్ల మీద ఎన్నెన్ని నత్తలు! ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, అది కొమ్ములు బయటికి తీసేదాకా బడి సంగతే మరిచి కూర్చునేవాడు. ఇప్పుడా గట్లూ లేవు, ఆ నత్తలూ లేవు. నిన్న ఆమ్నా ఈ బొమ్మ చూపిస్తే ఇంత మనిషీ పసివాడిలా మురిసిపోయాడు.

“రూల్ ప్రకారం దీన్ని చింపెయ్యాలి,” అన్నాడు సునీల్‌కుమార్.

“నాకు మెమో ఇయ్యి సార్, తీసుకుంట. పిల్ల బొమ్మ మాత్రం చింపకు. రేపు బహుమతులిచ్చే సభకని పండుగ బట్టలు తీసి పెట్టుకుంది. దాని మొఖం నేనెట్ల సూడాలె?”

సునీల్‌కుమార్ సొరుగు లాగాడు. మెమో కాగితానికే అనుకుని ఓదెలు తల వంచుకున్నాడు. బల్ల మీదికి వచ్చింది మాత్రం అట్ట కట్టిన పాత సర్టిఫికెట్. పక్క కంపెనీది, ముప్పై ఏళ్ల కిందటిది.

“మా నాయన నర్సన్న గూడ కాంట్రాక్టోడే అన్నా. జెర గిది చదువు.”

ఓదెలు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

“బొమ్మల పోటీ, మొదటి బహుమతి: సునీల్‌కుమార్. తండ్రి: సాదుల్లా, పర్మనెంటు వెల్డర్.”