కాగితం అడిగిన ప్రశ్న

"నీ పిస్టల్ వచ్చింది. ఈ ఫారం నింపితేనే చేతికిస్తాను" అన్నాడు తుపాకుల షాపు యజమాని టటిల్.

అది చనిపోయిన మా నాన్నది. నెబ్రాస్కా నుంచి అక్క మిస్సోరీలో ఉన్న నాకు షాపు ద్వారా పంపింది. ఫోన్లో లైన్లోనే ఉంది.

"థ్యాంక్స్‌గివింగ్ పండక్కి నువ్వొచ్చినప్పుడు సంచిలో పడేసుకొస్తే పోయేది కదక్కా! ఈ కాగితాల గోలేంటి?"

"వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి నేరుగా ఇస్తే చట్టం ఒప్పుకోదురా రాయిస్. నింపు."

గబగబా టిక్కులు పెడుతూ పోయాను. ఒకచోట పెన్ను ఆగింది. 'ఇంట్లోవాళ్ళని కొట్టిన నేరానికి మీకెప్పుడైనా శిక్ష పడిందా?'

అప్పటి నా భార్య జోలీన్ మంచు మీద జారి పడిందని అందరికీ చెప్పాను. కోర్టు సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఆగిపోయావేంట్రా?"

"అక్కా... నీకు తెలుసా?"

"మంచు మీద పడితే మెడ మీద వేళ్ల గుర్తులు పడతాయిట్రా? అప్పుడు మీ ఇంటికొచ్చిన రోజు జోలీన్ నా వైపే చూసింది. నేను తల వంచుకుని కాఫీ తాగాను."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నోరు రాలేదురా. నీకు శిక్ష పడిందని తర్వాత జోలీనే చెప్పింది. తొమ్మిదేళ్లయింది. అందుకే కాగితం చేత అడిగించాను."

'అవును' దగ్గర టిక్కు పెట్టాను.

"అలా శిక్ష పడినవాళ్ళకి చట్టప్రకారం పిస్టల్ ఇవ్వకూడదు, నీకివ్వను" అన్నాడు టటిల్.

"తెలుసు. మా అక్కకీ తెలుసు."