అర మిల్లీమీటరు

“వెనకెంత?”

“అర మిల్లీమీటరు ఎక్కువండీ,” అంది భార్య, కోత మిషన్ అవతలి వైపు నుంచి.

వడ్రంగి మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇది ఐదోసారి. ఒకసారి ఎక్కువంటుంది, ఒకసారి తక్కువంటుంది. ఫెన్స్ అనే ఇనప పట్టీ బ్లేడుకి ముందు కొసన ఎంత దూరంలో ఉందో వెనక కొసనా అంతే దూరంలో ఉంటేనే తిన్నగా ఉన్నట్టు. దానికి ఆనించే కదా చెక్కని ముందుకి తోస్తారు. అది ఏ కాస్త వంకరగా ఉన్నా చెక్క మధ్యలో బిగుసుకుని, ఎగిరొచ్చి మనిషి పొట్టలో గుద్దుతుంది. ముప్పై ఎనిమిదేళ్లలో మేస్త్రీ ఒక్కనాడూ వంకర ఫెన్స్‌తో స్విచ్ వెయ్యలేదు. ప్రాణం మీదికొచ్చినా వెయ్యడు. ఆ మొండితనం సంగతి భార్యకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

పన్నెండింటికి బావమరిది వ్యాన్ తీసుకుని వస్తాడు. పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి మేస్త్రీ ఎడమ కాలు ఈడుస్తున్నాడు. వంగితే కళ్లు తిరుగుతున్నాయి. స్కేలు మీద గీతలు ఒకటి రెండుగా కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఆయన లెక్కలో చిల్లర విషయాలు. చేతులు పనిచేస్తున్నాయి కదా, చాలు. మిషన్ తన షాపుకి పట్టుకుపోతానని బావమరిది పట్టుబట్టాడు, మాటా మాటా పెరిగింది, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. బావమరిది కళ్ల ముందు మేస్త్రీ ఆరడుగుల పలకని తిన్నగా చీల్చి చూపిస్తే మిషన్ ఇక్కడే ఉంటుంది. లేకపోతే వ్యాన్ ఎక్కుతుంది. ఆ రోజు భార్య తమ్ముడి మీద ఎలా లేచిందో తలుచుకుంటే మేస్త్రీకి ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. “ఆయన కోసి చూపిస్తే నువ్వు మళ్లీ ఈ మాట ఎత్తకూడదు,” అని మొహం మీదే చెప్పేసింది.

తీరా ఇవాళ, అలవాటు ప్రకారం స్విచ్ వేసే ముందు, ఫెన్స్‌ని సరిచేసే బోల్టులు చూడమని భార్యకి చెప్పాడు. అవి రెండూ ఫెన్స్ అడుగున, వెనక కొసన ఉంటాయి. నిరుడు ఫెన్స్ సరిచేసినప్పుడు ఒక్కో బోల్టు తల మీంచి పక్కనున్న ఫెన్స్ ఇనుము మీదకి ఎర్ర రంగుతో సన్నటి గీత గీశాడు. అది ఆయన పద్ధతి. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది. గీత కలిసే ఉంటే ఫెన్స్ కదలనట్టే.

భార్య టార్చి పట్టుకుని కిందికి దూరి చాలాసేపు చూసింది. “విరిగిందండీ,” అంది.

అక్కడ మొదలయ్యాయి ఈ తిప్పలన్నీ. ఎటు తిప్పాలో మేస్త్రీ చెప్పడం, భార్య కిందికి దూరి పానా తిప్పడం, లేచి స్కేలు పెట్టి అంకె చెప్పడం.

“ఎడమది పావు చుట్టు తిప్పు. తిప్పావా?”

“తిప్పాను.”

“ఇప్పుడెంత?”

“ఇప్పుడు తక్కువైంది. మిల్లీమీటరు.”

పదకొండు దాటింది. మేస్త్రీ చెమట తుడుచుకోబోతే చొక్కా ఎడమ చేతి అంచు నుదుటికి గరుకుగా తగిలింది. పోయిన వారం మిషన్ మీద చిన్న ముక్కలేవో కోసుకున్న రోజు ఆ అంచు అంగుళం మేర తెగింది, భార్యే కుట్టింది. ఎలా తెగిందని ఆమె అడిగితే మేకు తగిలి ఉంటుందన్నాడు. నిజానికి ఎప్పుడు తెగిందో ఆయనకే తెలీదు. మేకు చింపితే ఇంత నున్నగా తెగదే అని గొణిగి, ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

“పోయిన వారం బాగానే కోసింది. ఇంతలో దీనికేం రోగం పుట్టింది?” అన్నాడు మేస్త్రీ.

“ముసలిదైపోయింది. మరలు అరిగిపోయుంటాయి. పోనీ వదిలెయ్యండి.”

“నువ్వు కూడా అలా అంటే ఎలా?”

ఆమె పానా తీసుకుని మళ్లీ కిందికి దూరింది.

ఏడోసారీ కుదరలేదు, ఎనిమిదోసారీ కుదరలేదు. మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. కాలు పోతే పోయింది, చూపు పోతే పోయింది. ఏ బోల్టు ఎంత తిప్పితే ఎంత జరుగుతుందో నిద్రలో అడిగినా చెప్పేవాడు. ఆ విద్య కూడా బుర్రలోంచి జారిపోతే ఇక తను బతికుండి ఎందుకు? మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. భార్య వచ్చి తల నిమిరింది. ఆమె కళ్లూ ధారలు కడుతున్నాయి.

“తప్పు మీది కాదు, మిషన్‌ది,” అంది.

వ్యాన్ వచ్చి ఆగింది. లోపలికి వచ్చిన బావమరిది ఇద్దరి మొహాలూ చూసి నీరుగారిపోయాడు. “బావా, నేనొకసారి కొలిచి చూడనా?” అన్నాడు.

“ఎనిమిదిసార్లు కొలిచాం, చాలు,” అని అక్క అడ్డుపడింది. “ఆయన్ని ఇంకా ఏడిపించకు.”

మేస్త్రీ తల ఊపాడు. “వంకర ఫెన్స్‌తో నేను స్విచ్ వెయ్యను. తీసుకుపో.”

వ్యాన్‌లో వచ్చిన మనుషులు మోటారు విప్పారు. బ్లేడు తీసి గోనెసంచిలో చుట్టారు. బావమరిది కొక్కెం వదులు చేసి, ఫెన్స్‌ని బోల్టులతో సహా ఎత్తి పట్టుకెళ్తుంటే మేస్త్రీ చెయ్యి చాచాడు. ఒక్కసారి ఇలా ఇవ్వమన్నాడు. అతను దాన్ని తెచ్చి బావ ఒళ్లో బోర్లించి పెట్టాడు. భార్య గబగబా రెండడుగులు వేసి, ఆగిపోయింది. మేస్త్రీ బొటనవేలితో బోల్టుల మీది దుమ్ము తుడిచి, వెలుగులోకి తిప్పి చూశాడు.

రెండింటి మీదా ఎర్ర గీత విరగలేదు.