నామినీ వేలిముద్ర

"నాకొద్దు బాబూ! మీ కాళ్లట్టుకుంటాను, ఆ ఫారంలో నా పేరు రాయకండి."

అతను నిజంగానే బల్ల కిందికి వంగాడు. టైమ్‌కీపర్ సీతారామరావు గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"లే ముసలయ్యా, లే! నీ పీక కోస్తున్నామా ఇక్కడ? ప్రావిడెంట్ ఫండ్ ఇస్తామంటే ఏడ్చేవాణ్ణి నిన్నే చూశాను."

గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీ గోడ పక్కన రేకుల షెడ్డు అది. కాంట్రాక్టరు బలరామ్‌కి ఆఫీసన్నా, గోడౌనన్నా అదే. అతని కింద ముప్పై ఒక్కమంది కూలీలు. వాళ్లు ఫండ్‌లో చేరితే తన జేబులోంచి కూడా కట్టాలి కాబట్టి, 'మాకు కూలిలో కోత వద్దు' అని హిందీలో టైపు చేయించి అందరి వేలిముద్రలూ వేయించుకున్నాడు బలరామ్. ఈ ఎనభై ఒకటిలో ఫ్యాక్టరీవాళ్లు ఆ కాయితాలు చెల్లవు పొమ్మన్నారు. నాలుగు నెలల కిందట కొత్తగా చేరిన సీతారామరావుకి అది పండగలా ఉంది. ఒక్కొక్కణ్ణీ కూర్చోబెట్టి, బతిమాలి, తిట్టి, ముప్పై మంది చేత ఫారాలు నింపించాడు. మిగిలింది ముసలయ్య అన్న ఒక్క పేరే.

"బలరామ్ బెదిరించాడా?"

"నేదు బాబూ."

"మరింకేం?"

"పొట్టకే సాల్డం నేదు. ఇంక కోతేటి కోయించుకుంటాను?"

"నీ బీడీల ఖర్చంత ఉండదయ్యా ఆ కోత!"

"బీడీలు మానేత్తాను. ఇదొగ్గేయండి."

సీతారామరావు మంచివాడు. మంచివాళ్లతో వచ్చిన చిక్కేమిటంటే, మేలు చేద్దామని ఒకసారి పట్టుకున్నారంటే ఓ పట్టాన వదలరు.

"వద్దనడానికి నీకు హక్కు లేదు. చట్టం అలా ఉంది. వయసుకి రుజువు తెమ్మంటే లేదంటావు. రేషన్ కార్డు తెమ్మంటే పోయిందంటావు. నువ్వేం తేవద్దులే. మీ ఊరి మునసబుకి నేనే రాశాను. ఇదిగో, చిరునామా కూడా రాసేశాను. మధ్యాహ్నం టపాలో వేయిస్తాను."

బల్ల మీది కవరుకి అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊరికి రాయకండి బాబూ! మునసబుకి తెలిత్తే నా నవుకరీ పోద్ది. ఇంటికాడ ముగ్గురు పిల్లలు ఈ కూలి మీదే బతుకుతన్నారు."

"నీ నౌకరీ ఎవడు తీస్తాడో నేనూ చూస్తాను. నేనున్నాను కదా, నీకెందుకు భయం?"

"మీరున్నారనే బయం బాబూ!" అన్నాడతను. ఆ మాటతోనే భోరుమని ఏడ్చేశాడు. అంత మనిషి అలా ఏడుస్తుంటే సీతారామరావుకి ఏం చేయాలో తోచలేదు.

ఇంతలో బయట్నించి గేటు కాపలావాడు కేకేశాడు. "అరే ముసలయ్యా! తేరీ ఘర్‌వాలీ ఖానా లాయీ హై!"

పెళ్లాం అన్నం తెచ్చిందనగానే సీతారామరావుకి ప్రాణం లేచొచ్చింది. "సమయానికొచ్చింది. లోపలికి పంపు!"

"ఆవిణ్ణి పిలవకండి బాబూ. ఆవిడికేటీ తెల్దు."

"నీకంటే నయంగానే తెలుస్తుందిలే."

దాలమ్మ కేరియర్ పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల అతను కళ్లు తుడుచుకుంటున్నాడు. బల్ల మీద ఫారం, సిరా ప్యాడ్, కవరు ఉన్నాయి. ఏం జరుగుతోందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"రామ్మా. ఇక్కడ 'నామినీ' అని ఉంది చూశావూ? మనిషికి ఏమైనా అయితే ఈ డబ్బు ఎవరికి చెందాలో వాళ్ల పేరు రాయాలి. దాలమ్మ, భార్య అని రాశాను. వేలిముద్ర వెయ్యి."

దాలమ్మ రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.

"మాకొద్దు బాబూ."

"బాగుంది! ఇద్దరూ ఇద్దరే!"

"ఆ కాయితాలు ఒగ్గేయండి. ఆ ఉత్తరం సింపేయండి. మీ పిల్లలు సల్లగుంటారు. ఈ పనొక్కటే మాకు దిక్కు. ఇది పోతే పిల్లల్నట్టుకుని సువర్ణరేఖ ఏట్లో దిగాల మేం."

"అసలెందుకు పోతుందమ్మా? ఎవరు చెప్పారు మీకు?"

అతను నేల చూపులు చూస్తున్నాడు. సీతారామరావుకి ఒళ్లు మండింది, దాంతోపాటు జాలీ వేసింది. ఊరు కాని ఊరొచ్చి, భాష రాక, కాయితమంటేనే హడలిపోయే మనుషులు. వీళ్లకి మెత్తగా చెబితే ఎక్కదనుకున్నాడు. ప్యూనుని కేకేసి, కవరు చేతికిచ్చి, "పోస్టులో వేసిరా" అన్నాడు. సిరా ప్యాడ్ ఆమె ముందుకి జరిపాడు.

"అనకూడని మాట అంటున్నాను, ఏమీ అనుకోకు. ఇనుముతో పని, ఎప్పుడేమవుతుందో ఎవరికీ తెలీదు. రేపు ముసలయ్య పోయాడే అనుకో. ఈ ఫారం లేకపోతే నీ చేతికి ఒక్క పైసా అయినా వస్తుందా?"

దాలమ్మ గుమ్మం దాటుతున్న ప్యూను చేతిలోని కవరుకేసి చూసింది. కేరియర్ నేల మీద పెట్టి, సీతారామరావుకి చేతులు జోడించింది.

"రానేదు బాబూ. ముసలయ్య ఊర్లో పోయి ఆరేళ్లయింది. ఆయన గేటు పాసట్టుకుని మీకాడ పన్జేత్తన్న ఈడు నా తమ్ముడు."