తాతయ్య స్కోరు

చి. మార్గరీటకు,

లూయిస్ తన కొట్లోని అరచేతిలో పట్టే పాత వీడియో గేము తాతయ్యకు అంటగట్టాడని రాశావు. తప్పు. అది అద్దెకు తెచ్చుకున్నది. ఆయన పోయాక తిరిగిచ్చేయడానికి వెళ్ళాను.

"ఉంచేసుకోండి మామ్మగారూ. కుర్రోళ్ళకి తుపాకులు పేలాలండి. మేడమీంచి పడేవోళ్ళని పట్టుకునే ఆట తాతగారొక్కరే అడిగేవోరు," అన్నాడు లూయిస్.

"నేనేం చేసుకోను, పప్పులో వేసుకోనా?"

"ఆయన స్కోరు అందులోనే ఉందండి. బ్యాటరీ అయిపోతే పోద్ది."

నిన్న అయిపోయింది. నాకు ఏడుపేమీ రాలేదు. అన్నం తిన్నాను.

అంకె గుర్తుంది: ఆరువందల పన్నెండు. మళ్ళీ అక్కడిదాకా ఆడి ఆపేస్తాను.

మీ కాకినాడలో బొత్తాలంత బ్యాటరీలు దొరుకుతాయి. రెండు కాదు, నాలుగు పట్టుకురా. నేనెప్పుడూ ముప్ఫై దాటలేదు.

మామ్మ