చేతికొచ్చేది

“ఐదేళ్లకి వెయ్యండి,” అంది అత్తగారు.

“వద్దు, ఏడాది చాలు,” అంది కోడలు, ఆవిడ మాట పూర్తికాకముందే.

డిపాజిట్ల బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు ఇద్దరివంకా మార్చి మార్చి చూశాడు. వెనక కుర్చీల్లో టోకెన్లు పట్టుకుని విసుగ్గా కూర్చున్నవాళ్లు మెడలు సాచారు. అత్తాకోడళ్ల తగువు ఉచితంగా దొరుకుతుంటే ఎవరు మాత్రం వదులుకుంటారు?

అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. ముప్ఫయ్యేళ్లు సుద్దముక్కలు అరగదీసి కూడబెట్టిన పది లక్షలవి. చేతిసంచిలోంచి పెన్సిలు తీసి, బల్లమీద ఉన్న వడ్డీరేట్ల కాగితం వెనక్కి తిప్పి, పిల్లలకి చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది.

“ఏడాదికి వేస్తే ఆరున్నర శాతం. అందులో ఐదో వంతు పన్నుకి పోతుంది. అంటే ఏటా చేతికొచ్చేది యాభై రెండు వేలు. ఐదేళ్లకైతే ఏడున్నర. పన్ను పోను అరవై వేలు. ఏటా ఎనిమిది వేలు తేడా. ఎనిమిది వేలు నీకు చేదా అమ్మాయ్?”

నిన్న డాక్టరు తనొక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పిన మాట ఇంకా కోడలి చెవుల్లో గింగురుమంటోంది. అత్తయ్యకి ఆరు నెలలు గడిస్తే గొప్పట. ఆవిడకి తెలియనివ్వకూడదని రాత్రి మొగుడూ పెళ్లాలు ఒక మాట అనుకున్నారు. రేపు ఆవిడ మంచాన పడితే చేతిలో డబ్బు ఆడాలి. ఆవిడేమో ఉన్నదంతా తీసుకొచ్చి ఐదేళ్లపాటు ఇక్కడ కట్టిపడేస్తానంటోంది. అసలు వెయ్యొద్దనాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్పే ధైర్యం తనకి లేదు. అందుకే కనీసం ఏడాదికైనా తగ్గిద్దామని చూస్తోంది.

“వడ్డీరేట్లు పెరుగుతాయేమో అత్తయ్యా.”

“తగ్గుతాయేమో.”

“పోనీ, వచ్చే ఏడు పన్ను తగ్గిస్తారేమో.”

“తగ్గిస్తే ఐదేళ్లదానికీ తగ్గుతుంది. నీకు లెక్కలు చెప్పిన మహానుభావుడెవరే?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కోడలికి నవ్వు రాలేదు. ఆఫీసరువైపు ముందుకి వంగింది.

“మధ్యలో తీసేస్తే జరిమానా ఉంటుంది కదండీ?”

“ఉంటుందండీ. వడ్డీలో ఒక శాతం తగ్గించి ఇస్తాం.”

“విన్నారా అత్తయ్యా? అవసరానికి తీద్దామంటే నష్టం.”

“ఐదేళ్లలో నాకేం అవసరం ముంచుకొస్తుందే?”

అత్తగారు కోడలివంకే చూస్తోంది. పరీక్షలో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినట్టు ఆగింది. కోడలు బల్లమీద గాజుపలకని గోటితో గీకుతూ ఉండిపోయింది.

“అత్త సొమ్ము ఏడాదిలోపలే కావాలి కాబోలు, పాపం,” అని వెనక కుర్చీలో ఆవిడ పక్కావిడతో అంది. చిన్నగా అనాలని అనుకుందేమో గాని, హాలంతా వినబడింది.

కోడలికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లిపోతే అత్తగారు నిశ్చింతగా సంతకం పెట్టేస్తుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే ఏసీ గాలి పడలేదన్నట్టు పైట చెంగు అడ్డం పెట్టుకుంది.

“అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కసారికి నా మాట వినండి.”

“వినను,” అంది అత్తగారు. ఫారం ముందుకి లాక్కుని, ఒక్కో అక్షరం పొందిగ్గా సంతకం చేసింది.

“నామినీ ఎవరండీ?” ఆఫీసరు అడిగాడు.

“మా అబ్బాయి చేతికి చిల్లు. మా కోడలి పేరు రాయండి.”

ఆఫీసరు రాసుకుని, కాగితాలు తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. కోడలు ఇక ఆపుకోలేకపోయింది. చెంగులో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అత్తగారు కుర్చీ దగ్గరగా జరుపుకుని ఆ పిల్ల వీపు నిమిరింది.

“ఊరుకో. మనిషి పోతే నామినీకి జరిమానా పడదటే. నిన్న నువ్వు డాక్టరు గదిలోంచి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాక, ఇక్కడికి ఫోన్ చేసి కనుక్కున్నాను.”